పద్నాలుగో కాలమ్‌లో ఏం రాయాలి?

దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక సందులో ఆ రోజుల్లో డీటీపీ షాపులు పక్కపక్కనే పదకొండు ఉండేవి. యాదలక్ష్మిది ఏడోది. మిగతా పది చోట్ల మీరేం రాసిస్తే అదే టైపు చేసి చేతిలో పెడతారు. యాదలక్ష్మి దగ్గర అలా కుదరదు. కాగితం ఆమె చేతికి రాకముందే, గల్లాకి అవతలి నుంచి తలకిందులుగా చదివేసి, "రెండో లైన్ల తప్పుంది" అనేది.

ఒకసారి చౌటుప్పల్ వైపు నుంచి ఒక పెద్దమనిషి కొడుకు పెళ్లికార్డు వేయించడానికి వచ్చాడు. 'బంధుమిత్ర సపరివార సమేతంగా' అని రాసి తెచ్చాడు.

"స అన్నా, సమేతం అన్నా ఒక్కటే పెద్దనాయినా. ఒక్క పెండ్లికి రెండుసార్లు రమ్మంటవా?" అంది యాదలక్ష్మి.

"అందరి కార్డులల్ల గట్లనే ఉంటది గద బిడ్డా!"

"అందరు తప్పు రాసిన్రు."

కార్డు ఆమె చెప్పినట్టే అచ్చయింది. పెళ్లి కూతురి మేనమామ మాత్రం 'సమేతంగా' అని లేదు కాబట్టి పిల్లల్ని తేవద్దన్నారేమోనని ఒక్కడే వచ్చి, భోజనం దగ్గర అలిగాడట. ఈ సంగతి చెప్పడానికి ఆ పెద్దమనిషి పనిగట్టుకుని మళ్లీ వచ్చాడు. యాదలక్ష్మి చాయ్ తెప్పించింది గానీ తప్పు ఒప్పుకోలేదు.

ఆమెది నకిరేకల్ దగ్గర పల్లె. పదో తరగతి అయ్యాక నల్గొండలో ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చే పనిలో చేరింది. అక్కడ అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. ఆరేళ్లు అలా చదివాక ఆమెకు ఏ వైపు నుంచైనా చదవడం వచ్చేసింది. ఆర్టీసీ డ్రైవరు భిక్షపతిని పెళ్లి చేసుకుని మీర్‌పేట్‌లో కిరాయి ఇంట్లో దిగింది. ముప్ఫయ్యేళ్లు వచ్చాక కంప్యూటరు నేర్చుకుంది. కాలనీ సంఘాల సావనీర్లు, కోచింగ్ సెంటర్ల గైడ్లు, చిట్టిపొట్టి పుస్తకాలు ఆమె చేతి మీదుగా ఎన్ని వెళ్లాయో లెక్కలేదు. కొన్నింటిలో రాసినవాళ్ల వాక్యాలకంటే ఆమె దిద్దిన వాక్యాలే ఎక్కువ. "నా పేరెందుకు, దుకాణం పేరుంటే సాలు" అనేది. దుకాణం పేరు కూడా ఎవరూ వేసేవారు కాదు.

ఇదంతా రెండువేల పదకొండు ఏప్రిల్‌నాటి మాట. వారంలో ఒక బంద్, రెండు ధర్నాలు. ఒక రోజు మధ్యాహ్నం చక్రపాణి గారు చేతిలో ఒక పొడుగాటి కవరుతో షాపులోకి వచ్చారు. వెనకే కూతురు బిందుమాధవి.

చక్రపాణి గారిది తెనాలి. వనస్థలిపురంలో ఇల్లు కట్టుకుని పదిహేనేళ్లయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటరులో కెమిస్ట్రీ చెప్పేవారు. ఆయన ప్రశ్నపత్రాలన్నీ యాదలక్ష్మే టైపు చేసేది. ప్రత్యేక రాష్ట్రం సంగతి మీద ఇద్దరూ ఒకే ఒక్కసారి వాదించుకున్నారు. ఆ రోజు ప్రశ్నపత్రంలో మూడు తప్పులు దొర్లి, పిల్లలందరికీ తొమ్మిది మార్కులు ఊరికే కలపాల్సి వచ్చింది. అప్పటి నుంచి షాపులో ఉండగా ఆ మాట ఎత్తకూడదని ఒక ఒప్పందానికి వచ్చారు.

"యాదలక్ష్మి గారూ, చాలా పెద్ద చిక్కొచ్చి పడిందండీ" అన్నారాయన, కవరులోంచి దరఖాస్తు తీసి. కర్ణాటకలో ఎక్కడో ఒక మిషన్ వాళ్ల మెడికల్ కాలేజీ. వాళ్ల పరీక్ష వాళ్లదే, ఇంటర్వ్యూ వాళ్లదే. దరఖాస్తు మాత్రం పది పేజీలుంది.

యాదలక్ష్మి తలకిందులుగా చదివేసింది. "పద్నాలుగో కాలమ్ ఖాళీగున్నది."

"అదేనండీ చిక్కు!"

పద్నాలుగో కాలమ్‌లో అభ్యర్థి ప్రచురణలు, రచనానుభవం రాయమన్నారు. బిందుమాధవి పదిహేడేళ్ల జీవితంలో ప్రశ్నలకు జవాబులు తప్ప ఏమీ రాయలేదు. అవి కూడా ఐదు మార్కులవీ, రెండు మార్కులవీను.

"ఖాళీగ వదిలిపెట్టున్రి సారూ. ఉంటేనే రాయమన్నరు."

చక్రపాణి గారి మొహం ఎర్రబడింది. "ఇరవై రెండేళ్లుగా పిల్లలకి నేను చెప్పేది ఒక్కటేనండీ. ఏ ప్రశ్నా ఖాళీగా వదలొద్దు, తెలియకపోయినా ఏదో ఒకటి రాయండి అని. ఇప్పుడు నా కూతురే వదిలేస్తే ఎలాగండీ?"

ఏదో ఒకటి ఏముందని వెతికారు. రెండో తరగతిలో స్కూలు పత్రికలో బిందు పేరుతో ఒక జోకు పడింది. "అది వేరే పుస్తకంలోంచి చూసి రాశాను ఆంటీ" అని బిందు నేల చూపులు చూసింది. కాలనీ సావనీరులో కొబ్బరిపచ్చడి గురించి అర పేజీ పడింది గానీ, అది వాళ్లమ్మ సూర్యప్రభ పేరుతో ఉంది. "అమ్మకు చెప్పి పేరు మార్పించొచ్చు" అన్నారు చక్రపాణి గారు. "పచ్చడికి మెడికల్ సీటిస్తరా సారూ?" అంది యాదలక్ష్మి.

అప్పుడాయన కుర్చీ ముందుకు జరుపుకుని, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పారు. ఒక పత్రిక వేద్దామన్నారు. పేరు 'వైద్య విజ్ఞాన వీచిక'. సంపాదకుడు ఆయన బావమరిది వెంకట్రావు. వెంకట్రావు గారికి గుంటూరులో ఎరువుల దుకాణం. అందులో బిందు పేరుతో మూత్రపిండాల మీద ఒక వ్యాసం. మొత్తం పాతిక కాపీలు. "తేదీ మాత్రం కిందటేడు జనవరిది వెయ్యండి."

యాదలక్ష్మి మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. "తప్పు రాస్తే దిద్దుత సారూ. తారీఖు ఎనకకు జరుపుడు నాతోని గాదు."

"మీదేం పోతుందండీ? మీ పేరు అందులో ఉండదుగా."

"నా పేరు దేంట్ల ఉన్నది గనక!" అందామె. ఆ మాట ఎందుకంత గట్టిగా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

చక్రపాణి గారు కవరు సర్దుకున్నారు. ఈ సందులో ఇంకా పది షాపులున్నాయని, మర్యాదగానే అయినా అందరికీ వినపడేలా చెప్పి వెళ్లిపోయారు.

మూడో రోజు తిరిగొచ్చారు. కూతురూ వెంటే ఉంది. అలిగిన మనిషి ఎదుటివాళ్ల మొహం చూడకుండా కాగితం ముందుకు తోసినట్టు, ప్రూఫు గల్లా మీద పెట్టారు. "ఊరికే ఒకసారి కళ్లు పెట్టండి. మీరు చూడకుండా ఏదీ అచ్చుకివ్వడం అలవాటు లేదు నాకు."

పక్క షాపు పిల్లవాడెవరో టైపు చేసిన వ్యాసం. యాదలక్ష్మి శీర్షిక చదివింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. కుర్చీ చక్రాలమీద వెనక్కి జరిగిపోయేంత నవ్వింది.

శీర్షిక: 'మిత్రపిండాలు - వాటి పనితీరు'.

"మిత్రపిండాలంటే ఏంది సారూ? దోస్తులు సచ్చిపోతే పెట్టే పిండాలా?"

చక్రపాణి గారు కాగితం లాక్కుని చూశారు. లోపల పదహారు చోట్ల మిత్రపిండాలే. ఒకచోట 'మిత్రపిండాలలో రాళ్లు'. ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ చూశారు. రాళ్లు అలాగే ఉన్నాయి.

"నాన్నా, ఇది నేను రాయలేదు కదా. వద్దు నాన్నా" అంది బిందుమాధవి. ఆ పిల్ల అంత పొడుగు మాట మాట్లాడడం యాదలక్ష్మి అదే మొదటిసారి వినడం.

చక్రపాణి గారికి క్లాసు టైమైంది. "నువ్వు ఇక్కడే కూర్చో, గంటలో వస్తాను" అని వెళ్లిపోయారు.

ఆయన వెళ్లిన పది నిమిషాలకు మధు వచ్చాడు. మధు ఎల్బీనగర్ జేఏసీలో తిరిగే కుర్రాడు, భిక్షపతికి దూరపు చుట్టం. ఆదివారం ఎల్బీనగర్ చౌరస్తాలో వంట-వార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని, అక్కడే తిని, సాయంత్రం దాకా రోడ్డు ఇవ్వకుండా కూర్చోవాలి. దానికి రెండువేల కరపత్రాలు కావాలి.

"వదినా, ముందలి దిక్కు మొత్తం గిదే రావాలె. ఎనక ఖాళీ ఉంచు."

ఖాళీ అన్న మాట వినగానే యాదలక్ష్మి ఎటో చూసింది. కిందటి వారం ధర్నాలో ఎండకు ముగ్గురు పడిపోయారు. వాళ్లలో ఒకామె మీర్‌పేట్‌లో యాదలక్ష్మి వాళ్ల వీధిదే. ఒకాయన ఆమె నోట్లో సోడా పోశాడు. ఇంకొకాయన ఉల్లిగడ్డ వాసన చూపించాడు. ఏది సరైందో ఎవరికీ తెలియలేదు. దవాఖానకు తీసుకుపోదామంటే దారంతా ధర్నావాళ్లే కూర్చున్నారు.

"ఏం బిడ్డా, డాక్టరు గావాలంటున్నవు గద. ఎండదెబ్బ తగిలితే ఏం జేయాల్నో రాస్తవా?" అని అడిగింది.

బిందు తలూపింది. పుస్తకంలో చూసి, తెలిసిన డాక్టరమ్మకు ఫోన్ చేసి సరిచూసుకుని, అరగంటలో ఒక పేజీ రాసి ఇచ్చింది. 'అధిక ఉష్ణోగ్రతకు గురైనప్పుడు దేహమందలి లవణ జలముల సమతౌల్యము దెబ్బతినుట వలన' అని మొదలైంది.

"మంచిగ రాసినవు. గని గిది సదివేలోపల మనిషి పడిపోతడు" అంది యాదలక్ష్మి. "సమతౌల్యం దీసెయ్యి. ఫస్టు ఏం జేయాల్నో అది రాయి. ఎందుకైతదో ఎనక జెప్పు."

రెండోసారి రాసింది. మూడోసారి రాసింది. యాదలక్ష్మి గీతలు కొడుతూనే ఉంది. చక్రపాణి గారు గంటలో వస్తానన్నవారు రెండు గంటలకు వచ్చి, కూతురు ఏదో రాసుకుంటోందని చూసి, కెమిస్ట్రీ అనుకుని ఏమీ అనలేదు. మర్నాడు పిల్ల తనంతట తానే వచ్చింది. ఇద్దరూ కలిసి బస్సెక్కి ఎల్బీనగర్ చౌరస్తాకు వెళ్లారు.

అక్కడ రాములమ్మ దోసకాయలు, మజ్జిగ అమ్ముతుంది. చదువు రాదు. "నేను సదువుత, నువ్వు ఇని సమజైందో కాలేదో జెప్పు" అని యాదలక్ష్మి ఆమె ముందు గొడుగు కింద కూర్చుంది.

"నీడల పండవెట్టాలె, బట్టలు వదులు జేయాలె" అన్నదాకా రాములమ్మ తలూపింది. ఒక గ్లాసు నీళ్లలో చక్కెర, ఉప్పు అనగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. గ్లాసంటే ఏ గ్లాసు? చాయ్ గ్లాసా, నా మజ్జిగ గ్లాసా, పెండ్లిళ్లల్ల ఇచ్చే గీ చిన్న ప్లాస్టిక్ గ్లాసా?"

బైపీసీలో తొంభై ఏడు శాతం వచ్చిన బిందు కాగితం మీద గ్లాసు అన్న మాట కొట్టేసింది.

"లీటరు అని రాద్దాం ఆంటీ."

"లీటరు గొలుచుటానికి నా తాన ఏముంది?" అంది రాములమ్మ. పక్కన పారేసిన ఖాళీ మంచినీళ్ల సీసాని కాలితో ముందుకు జరిపి, "గిది లీటరే గద?" అంది.

అలా గ్లాసు పోయి సీసా వచ్చింది. చెంచా మీద కూడా అంత గొడవా అయింది. చాయ్‌లో చక్కెర కలిపే చెంచా అని, గోపురంలా కాకుండా అంచుకు సమంగా అని రాశారు. సీసా నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. "తెలివి దప్పిన మనిషి నోట్ల నీళ్లు పోయొద్దు, దవాఖానకు తీస్కపోవాలె" అన్న వాక్యాన్ని రాములమ్మ రెండుసార్లు చదివించుకుంది. "సోడ గూడ పోయొద్దని రాయున్రి. మావోళ్లు నీళ్లు పోయొద్దంటే సోడ పోస్తరు" అంది. అదీ రాశారు.

అచ్చుకు వెళ్లే ముందు కింద చిన్న అక్షరాల్లో ఒక వరస ఉంది: 'రాసినవారు: సి. బిందుమాధవి, యాదలక్ష్మి'. రెండో పేరు బిందు చేర్చింది. యాదలక్ష్మి దాన్ని రెండుసార్లు తీసేసింది. బిందు రెండుసార్లు మళ్లీ రాసింది. మూడోసారి కరెంటు పోయింది. వచ్చాక యాదలక్ష్మి ఆ వరస జోలికి పోలేదు.

మధు ప్రూఫు చూసి తల గోక్కున్నాడు. "వదినా, గా ఆంధ్ర సార్ బిడ్డ గాదు? మన కరపత్రం ఆమె రాసుడేంది?"

"ఎండ నీకొక తీరు, ఆమెకొక తీరు కొడ్తదా? ముందలి దిక్కు నీది. ఎనక దిక్కు మాది. పో."

ఆదివారం పొద్దెక్కేసరికి చౌరస్తాలో నలభై పొయ్యిలు వెలిగాయి. బగారా అన్నం వాసన సాగర్ రింగ్ రోడ్డు దాకా పోయింది. యాదలక్ష్మి సంచిలో కరపత్రాలు పెట్టుకుని పంచుతోంది. పన్నెండున్నరకు బస్సుల వరస వెనక ఏదో కలకలం. ఎవరో స్కూటరు ఆపి, పక్కకు ఒరిగిపోయారట. తెల్లచొక్కా పెద్దమనిషట.

వెళ్లి చూస్తే చక్రపాణి గారు. స్పెషల్ క్లాసుకు బయల్దేరి గంటన్నర ఎండలో ఇరుక్కుపోయారు. అప్పటికే రాములమ్మ ఆయన్ని తన గొడుగు కిందకు లాగించి, చొక్కా గుండీలు విప్పి, తడిగుడ్డ మెడ మీద వేసేసింది. ఒకాయన సోడా తెస్తే చెయ్యి మీద కొట్టింది.

"తెలివున్నది. మాట్లాడుతున్నడు. నీళ్లు పోయొచ్చు" అని, సీసాలో చక్కెర, ఉప్పు చెంచాలు లెక్కబెట్టి వేసి, ఊపి తాగించింది. "మెల్లగ తాగు నాయినా. గుటగుట తాగితే కక్కుతవు. కాయిదంల రాసున్నది."

సగం సీసా అయ్యేసరికి చక్రపాణి గారి మొహంలోకి రంగు వచ్చింది. "ఏం కాయితం?" అన్నారు నీరసంగా. రాములమ్మ ఒకటి చేతిలో పెట్టింది, వెనక వైపు పైకి వచ్చేలా.

ఆయన చదివారు. చదువుతూ ఉపాధ్యాయుడి అలవాటుకొద్దీ తలూపడం మొదలుపెట్టారు. "చాలా శుద్ధంగా ఉందండీ. పాళ్లు కూడా సరిగ్గా ఇచ్చారు. ఎవరో గాని విషయం తెలిసినవాళ్లే రాశారు." కిందికి వచ్చారు. ఆగారు. కళ్లజోడు సర్దుకున్నారు. "మా బిందు!"

"జర కాయిదం గిటియ్యున్రి సారూ" అని యాదలక్ష్మి చెయ్యి చాపింది. ఆలస్యమైపోయింది. ఆయన తిప్పేశారు. పెద్ద అక్షరాల్లో 'జై తెలంగాణ'. కింద రోడ్లన్నీ దిగ్బంధం చేద్దాం రండి అన్న పిలుపు.

చక్రపాణి గారు కాగితం వైపు చూశారు. నలభై పొయ్యిల వైపు చూశారు. తన స్కూటరు వైపు చూశారు.

"నన్ను ఆపిన కాయితం, నన్ను లేపిన కాయితం ఒకటేనా అండీ?"

"ఒకటే సారూ. ఎనకా ముందు."

ఆయన మిగతా సగం సీసా అడిగి తాగారు. రాములమ్మ బగారా అన్నం పళ్లెం తెచ్చిపెడితే వద్దన్నారు. వాసన వచ్చాక కొంచెమే పెట్టమన్నారు. తిన్నాక ఇంకొంచెం పెట్టమన్నారు.

సోమవారం పొద్దున్నే షాపుకొచ్చారు. దరఖాస్తు తెచ్చారు, కరపత్రం తెచ్చారు. "ఒక్క వైపే జిరాక్స్ తీసి పెడదాం" అన్నారు. షరతుల్లో అసలు ప్రతి జతచేయాలని ఉందని యాదలక్ష్మి తలకిందులుగా చదివి చెప్పింది. అయితే ముందు వైపు మీద తెల్లకాగితం అంటిద్దామన్నారు. అప్పుడు బిందుమాధవి దరఖాస్తు తన వైపు లాక్కుని పద్నాలుగో కాలమ్‌లో తనే రాసింది: వడదెబ్బపై కరపత్రం, రెండువేల ప్రతులు, యాదలక్ష్మి గారితో కలిసి రాసినది, వెనక వైపు. తండ్రి కరపత్రాన్ని మడిచి కవరులో పెట్టారు.

జూన్‌లో ఇంటర్వ్యూకు వెళ్లొచ్చి బిందు మొదట యాదలక్ష్మి దగ్గరికే వచ్చింది. ఇంటర్వ్యూలో ప్రశ్నలడిగిన డాక్టరమ్మ కోలారు మనిషట. తెలుగు వచ్చట.

"రెండు వైపులా చదివింది ఆంటీ. ఈ ముందు వైపు కూడా నువ్వే రాశావా అంది. లేదండీ, అది మధు అన్న రాశాడు, అందులో తప్పులు మా ఆంటీ దిద్దింది అన్నాను. మొదట రాసినదాంట్లోంచి ఏం తీసేశావు అని అడిగింది."

"ఏమన్నవు?"

"సమతౌల్యం అన్నాను. పడీ పడీ నవ్వింది."

నవ్వినా సీటు రాలేదు. వెయిటింగ్ లిస్టులో తొమ్మిదో నంబరు వచ్చింది. ఆ లిస్టు ఆరు దాకా కదిలి ఆగిపోయింది. చక్రపాణి గారు నాలుగు రోజులు సరిగా అన్నం తినలేదు. ఈలోగా ఎంసెట్‌లో బిందుకు మంచి ర్యాంకే వచ్చింది. కౌన్సెలింగ్‌లో ఒక జిల్లా గవర్నమెంటు కాలేజీలో సీటు దొరికింది. ఆ రోజు చక్రపాణి గారు అక్కడిచ్చిన ఫారాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, గుమస్తాను అడిగారట.

"రచనానుభవం ఎక్కడ రాయాలండీ?"

"అదేంటి?" అన్నాడట గుమస్తా.

"కాలమ్ లేదా?"

"లేదండీ. ర్యాంకు, కులం, లోకల్. అంతే."

"కనీసం ఖాళీ కూడా లేదు యాదలక్ష్మి గారూ!" అని ఆయన షాపులో కూర్చుని వాపోయారు. యాదలక్ష్మి చాయ్ తెప్పించింది.

మరుసటి ఎండాకాలం మధు మళ్లీ వచ్చాడు. ఇంకో ధర్నా, ఇంకో రెండువేల కరపత్రాలు. వెనక వైపు అదే వెయ్యమన్నాడు. భిక్షపతి డిపోలో గోడకు అంటించడానికి ముందు వైపు లేకుండా వంద అడిగారు. ఈసారి యాదలక్ష్మి కింది వరసలో మూడో పేరు చేర్చింది. మొదటి వెయ్యి అచ్చయ్యాక ఒకటి తీసుకుని చౌరస్తాకు వెళ్లింది.

"గిదిగో, గిది నా పేరు. పక్కకున్నది నీ పేరు" అని వేలు పెట్టి చూపించింది.

రాములమ్మ మజ్జిగ గరిటె కింద పెట్టి, చేతులు తుడుచుకుని, కాగితాన్ని కళ్ల దగ్గరగా పెట్టుకుంది. చాలాసేపు చూసింది.

"గింత సన్నగనా? దోసకాయ గింజంత లేదు. జర పెద్దగ జేయరాదా?"

యాదలక్ష్మి అటూ ఇటూ చూసింది. మిగతా కాగితాలు ఇంకా ప్రెస్సు మీదే ఉన్నాయి. ప్రెస్సు దగ్గరున్న మధుకు ఫోన్ చేసి, రెండో వెయ్యి జర ఆపమని చెప్పింది.